ఓపెన్‌సీక్రెట్స్ లాబీయింగ్ విభాగం: ఖర్చుకు నమ్మదగిన లెక్క, ప్రభావానికి సగం కొలత

అమెరికా కాంగ్రెస్ చేసే చట్టాల వెనుక ఎవరి ఒత్తిడి ఎంత ఉందో ఆధారాలతో తెలుసుకోవాలనుకునేవారు, పాత్రికేయులైనా పరిశోధక విద్యార్థులైనా, ముందుగా తెరిచే వెబ్‌సైటు ఓపెన్‌సీక్రెట్స్. ఎన్నికల విరాళాల లెక్కలకు ఆ సైటు పేరు పొందింది. ఈ సమీక్ష మాత్రం అందులోని లాబీయింగ్ విభాగానికే, అంటే చట్టాలు, విధానాలు తమకు అనుకూలంగా ఉండేలా చట్టసభ సభ్యులపై, అధికారులపై ఒత్తిడి తెచ్చే పనిని లెక్కగట్టే భాగానికే పరిమితం. కంపెనీలు, వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు తమకు కావలసిన విధానాల కోసం వాషింగ్టన్‌లో ఎంత ఖర్చు పెడుతున్నాయో, ఎవరిని నియమించుకుంటున్నాయో, ఏయే బిల్లుల మీద పనిచేస్తున్నాయో 1998 నుంచి ఏటేటా లెక్కగట్టి ఉచితంగా చూపించే విభాగం ఇది. ఒత్తిడి వర్గాల ఖర్చు తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు కనిపించలేదు. అయితే ఆ వర్గాల ప్రభావాన్ని కొలవడానికి కూడా ఇదే కొలబద్ద అనుకునే అలవాటు బాగా పాతుకుపోయింది. ఆ పనికి ఇది సగమే సరిపోతుంది. ఆ సగం ఏమిటో, మిగిలిన సగం ఎక్కడ వెతుక్కోవాలో కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

సంస్థ నేపథ్యం క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. డెమొక్రాట్ అయిన ఫ్రాంక్ చర్చ్, రిపబ్లికన్ అయిన హ్యూ స్కాట్ అనే ఇద్దరు మాజీ సెనేటర్లు 1983లో దీన్ని ‘సెంటర్ ఫర్ రెస్పాన్సివ్ పాలిటిక్స్’ అనే పేరుతో స్థాపించారు. వెబ్‌సైటు 1996లో వచ్చింది. రాష్ట్రాల ఎన్నికల్లో డబ్బు లెక్కలు చూసే మరో సంస్థతో 2021లో విలీనమయ్యాక వెబ్‌సైటు పేరే సంస్థ పేరుగా మారింది.

లాబీయింగ్ విభాగంలో కనిపించే ప్రతి అంకెకూ మూలం 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం. ఆ చట్టం ప్రకారం నమోదైన సంస్థలు మొదట్లో ఆరు నెలలకోసారి నివేదికలు ఇచ్చేవి. 2007లో చట్టాన్ని సవరించి, 2008 నుంచి మూడు నెలలకోసారి ఇవ్వాలన్నారు. త్రైమాసికం ముగిసిన 20 రోజుల్లోగా ఎల్‌డీ-2 అనే పత్రాన్ని సెనేట్ కార్యదర్శికి, ప్రతినిధుల సభ గుమస్తా కార్యాలయానికి సమర్పించాలి. ఆ పత్రంలో మొత్తం ఖర్చు లేదా ఆదాయం ఒక్క అంకెగా ఉంటుంది, అదీ దగ్గరలోని పదివేల డాలర్లకు కుదించి లేదా పెంచి. 5,000 డాలర్ల లోపు అయితే అంకె కూడా అక్కర్లేదు, ఒక గడిలో టిక్కు పెడితే సరిపోతుంది. ఆ తర్వాత పన్నులు, ఆరోగ్యం, రక్షణ వంటి అంశాల సంకేతాలు, ఒక్కో అంశం కింద ఏ బిల్లు లేదా ఏ విషయంపై మాట్లాడారన్న రెండు మూడు వాక్యాలు, ఏ సభను, ఏ ప్రభుత్వ శాఖను సంప్రదించారన్న జాబితా, పనిచేసిన లాబీయిస్టుల పేర్లు వస్తాయి. ఎవరిని కలిశారో అధికారి పేరు చెప్పనక్కర్లేదు. బిల్లుకు అనుకూలమో వ్యతిరేకమో కూడా చెప్పనక్కర్లేదు. ఈ రెండు ఖాళీలనూ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే సైటులో తర్వాత ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఇక్కడినుంచే పుడతాయి.

అసలు పత్రాలు ప్రభుత్వ వెబ్‌సైటులోనూ ఉచితంగానే దొరుకుతున్నప్పుడు ఓపెన్‌సీక్రెట్స్ అదనంగా చేసేది ఏమిటన్న ప్రశ్న సహజం. అది చేసేది చాలా ఉంది. నా దృష్టిలో ఈ సేవ విలువంతా ఆ కనిపించని శ్రమలోనే ఉంది. ఒక కంపెనీ సొంత ఉద్యోగుల జీతాలు, బయటి లాబీయింగ్ సంస్థలకు ఇచ్చిన ఫీజులు అన్నీ కలిపి ఒక త్రైమాసికంలో 10 లక్షల డాలర్లు ఖర్చయ్యాయని నివేదిక ఇచ్చిందనుకుందాం. అందులో 2 లక్షలు అందుకున్న బయటి సంస్థ తన వంతుగా మరో నివేదికలో ఆ 2 లక్షలను ఆదాయంగా చూపుతుంది. తెలియక రెండు పత్రాలనూ కూడితే 12 లక్షలు వస్తుంది, అది తప్పు. ఇలాంటి రెట్టింపు లెక్కలను ఏరివేయడం, అనుబంధ సంస్థల నివేదికలను మాతృసంస్థ కింద చేర్చడం, సవరించిన పత్రం వచ్చినప్పుడు పాతదాన్ని పక్కన పెట్టడం, ఒకే సంస్థ పేరును నాలుగు రకాలుగా రాసినా ఒకే ఖాతాలోకి తేవడం వంటి పనులన్నీ ఈ సైటు సిబ్బంది చేస్తారు. ఆ తర్వాత ప్రతి సంస్థకూ పరిశ్రమ సంకేతం ఇస్తారు. ఇలాంటి వర్గాలు 400కు పైగా ఉన్నాయి. వాటిని పరిశ్రమలుగా, ఆ పరిశ్రమలను 13 పెద్ద రంగాలుగా కూర్చారు. ఔషధ పరిశ్రమ మొత్తంగా ఎంత ఖర్చు పెట్టింది, బీమా పరిశ్రమ ఎంత పెట్టింది అని ఇవాళ ఏ పత్రిక అయినా ఒక్క వాక్యంలో రాయగలుగుతోందంటే దాని వెనుక ఈ కూర్పు ఉంది. 2022లో సమాఖ్య స్థాయి లాబీయింగ్ మొత్తం 400 కోట్ల డాలర్లు దాటిందన్న లెక్క కూడా ఇలా తేలినదే.

ఈ విభాగం ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోవడానికి ముందే ఫలితం తెలిసిన ఒక విషయాన్ని ఎంచుకుని, సైటు ఏం చూపిస్తుందో పరిశీలించడం మంచిదనిపించింది. అందుకు మందుల ధరల చట్టాన్ని మించిన ఉదాహరణ లేదు. 2003లో వృద్ధుల ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్‌కు మందుల సదుపాయాన్ని జోడించినప్పుడు, ఆ ధరలపై కంపెనీలతో ప్రభుత్వం బేరమాడకూడదని చట్టంలోనే రాశారు. ఆ చట్టాన్ని ముందుండి నడిపించినవారిలో ఒకరైన ప్రతినిధుల సభ కమిటీ అధ్యక్షుడు బిల్లీ టౌజిన్, 2005లో ఔషధ కంపెనీల వర్తక సంఘం ‘ఫార్మా’కు అధిపతి అయ్యారు. ఆ నిషేధం దాదాపు రెండు దశాబ్దాలు నిలిచింది. 2022 ఆగస్టులో ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం దాన్ని కొంతమేర తొలగించింది. ఫార్మా ఆ చట్టాన్ని బాహాటంగా వ్యతిరేకించింది. పరిశ్రమల వరుసలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్నది ఔషధ, ఆరోగ్య ఉత్పత్తుల పరిశ్రమే.

సైటులో ఫార్మా పేజీ తెరిస్తే ఏటేటా ఖర్చు గీత, నియమించుకున్న లాబీయింగ్ సంస్థలు, లాబీయిస్టుల పేర్లు, వారిలో గతంలో ప్రభుత్వ ఉద్యోగాలు చేసినవారి వాటా, పనిచేసిన అంశాలు, బిల్లులు, సంప్రదించిన శాఖలు వేర్వేరు పుటలుగా కనిపిస్తాయి. అసలు పత్రాల ప్రతులు కూడా అక్కడే ఉంటాయి. అమరిక శుభ్రంగా ఉంది, కొత్తవారు కూడా దారి తప్పరు. బిల్లుల పుటలోకి వెళితే ధరల బేరానికి సంబంధించిన బిల్లులు వరుసగా కనిపిస్తాయి. అయితే అదే బిల్లు మీద రోగుల సంఘం, విశ్రాంత ఉద్యోగుల సంఘం, ఆసుపత్రులు, బీమా కంపెనీలు కూడా పనిచేసి ఉంటాయి. బిల్లు పేజీలో వారందరి పేర్లూ ఒకే వరుసలో ఉంటాయి. ఎవరు దాన్ని నిలబెట్టడానికి వచ్చారో, ఎవరు పడగొట్టడానికి వచ్చారో ఆ వరుస చెప్పదు. చట్టం అడగని విషయాన్ని సైటు కల్పించి చూపలేదు, అది దాని నిజాయితీ. కానీ ప్రభావాన్ని కొలవాలనుకునేవారికి మొట్టమొదట కావలసింది ఎవరు ఏ పక్షాన ఉన్నారన్నదే.

ఇక అసలు చిక్కు దాని తర్వాత వస్తుంది. 2022 ఫలితాన్ని బట్టి ఔషధ పరిశ్రమ ఓడిపోయిందని అనాలా? 2019లో ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లు మొదటి ఏడాదే కనీసం 25 మందులపై బేరమాడాలని, ఆ తగ్గిన ధరలు ప్రైవేటు బీమా పథకాలకు కూడా వర్తించాలని చెప్పింది. ఆ బిల్లు సెనేట్‌లో ముందుకు కదలలేదు. చివరికి చట్టమైన రూపంలో తొలి విడతకు 10 మందులే ఉన్నాయి. ఆ ధరలు మెడికేర్‌కే పరిమితం, అమలు 2026 జనవరి నుంచి. మామూలు మాత్రల రూపంలో వచ్చే చాలా మందులకు అనుమతి వచ్చిన 9 ఏళ్ల తర్వాత, జీవ ఔషధాలకు 13 ఏళ్ల తర్వాత మాత్రమే బేరం ధర అమల్లోకి రాగలదు. మొదటి ప్రతిపాదనకూ చివరి చట్టానికీ మధ్య ఉన్న ఈ దూరంలో ఎంత భాగం పరిశ్రమ ఒత్తిడి వల్ల, ఎంత భాగం సెనేట్‌లో మెజారిటీ పలచగా ఉండడం వల్ల, ఎంత భాగం కొత్త మందుల పరిశోధన దెబ్బతింటుందేమోనన్న నిజమైన ఆందోళన వల్ల జరిగిందో విడదీస్తేనే దాన్ని ప్రభావం అనగలం. ఖర్చు గీత ఆ ఏడాది పైకి వెళ్లిందా కిందికి వచ్చిందా అన్నది ఇందులో ఏ ముక్కకూ జవాబివ్వదు. అసలు ఆ డబ్బు ఖర్చు పెట్టకపోయి ఉంటే చట్టం ఎలా ఉండేదో తెలిస్తే తప్ప ఆ లెక్క తేలదు. జరగనిదాన్ని చూపించే పేజీ ఏ సైటులోనూ ఉండదు.

భారతదేశ పాఠకులకు గుర్తుండే మరో ఉదాహరణ వాల్‌మార్ట్‌ది. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని కేంద్ర ప్రభుత్వం 2012 సెప్టెంబరులో అనుమతించింది. అదే ఏడాది డిసెంబరులో, ఆ కంపెనీ అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికల్లో భారత మార్కెట్‌లో ప్రవేశానికి సంబంధించిన చర్చలు కూడా ఒక అంశంగా ఉన్నాయని బయటపడింది. 2008 నుంచి లాబీయింగ్‌కు మొత్తం సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చయిందన్న అంకె పార్లమెంటును కుదిపేసింది, ప్రభుత్వం విచారణకు కమిటీ వేసింది. ఈ ఎల్‌డీ-2 పత్రాలే లేకపోతే ఆ విషయం ఎప్పటికీ వెలుగులోకి వచ్చేది కాదేమో. పారదర్శకత చట్టానికి అంతకంటే గొప్ప సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆ అంకెను చదివిన తీరు సరికాదు. అది ఆ కంపెనీ పన్నులు, కార్మిక చట్టాలు, వలస విధానం, ఇంధనం వంటి పదుల కొద్దీ అంశాల మీద అమెరికాలోనే చేసిన ఖర్చు మొత్తం. భారత్ అందులో ఒక పంక్తి. పత్రంలో అంశాలవారీగా డబ్బును విడదీసి చూపే గడి లేదు కాబట్టి ఆ పంక్తికి ఎంత ఖర్చయిందో ఎవరూ చెప్పలేరు. ఓపెన్‌సీక్రెట్స్‌లో ఏ కంపెనీ అంశాల పుట చూసినా ఈ పరిమితి ఉంటుంది. అక్కడ ఉండేది ఒక్కో అంశం ఎన్ని నివేదికల్లో కనిపించిందన్న సంఖ్య మాత్రమే. దాన్ని డబ్బుగా చదువుకోకూడదు. సైటు ఈ హెచ్చరికను పట్టిక పక్కనే పెద్ద అక్షరాలతో పెట్టాలని నా కోరిక.

లెక్కలోకి రాకుండా పోయేది కూడా తక్కువేమీ కాదు. ఒక వ్యక్తి ఒక క్లయింటు కోసం మూడు నెలల్లో తాను పనిచేసిన కాలంలో 20 శాతం కంటే తక్కువగా లాబీయింగ్ చేస్తే అతను నమోదు చేసుకోవలసిన పని లేదు. సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడిగా పనిచేసిన టామ్ డాష్లే 2005లో పదవి వీడిన తర్వాత పదేళ్లకు పైగా విధాన సలహాదారుగా పనిచేసి, 2016లో గానీ లాబీయిస్టుగా నమోదు కాలేదు. చట్టాన్ని ఆయన ఉల్లంఘించారని కాదు, చట్టమే అంత వెసులుబాటు ఇచ్చింది. ప్రజల చేత ఉత్తరాలు రాయించడం, ప్రకటనల ద్వారా ఒత్తిడి తేవడం, మేధో సంస్థలకు నిధులివ్వడం వంటివి ఈ చట్టం కింద లాబీయింగ్ కిందకి రావు. దీనికి తోడు, కొన్ని సంస్థలు లాబీయింగ్ చట్టం నిర్వచనం ప్రకారం లెక్క చెబితే, మరికొన్ని పన్నుల చట్టం నిర్వచనం ప్రకారం చెప్పవచ్చు. ఆ రెండో నిర్వచనంలో రాష్ట్రాల స్థాయి పని, ప్రజలను కదిలించే ప్రచారం కూడా చేరతాయి. అంటే ‘అత్యధికంగా ఖర్చు చేసినవారు’ అనే సైటులోని అత్యంత ప్రసిద్ధమైన పట్టికలో పక్కపక్కనే ఉన్న రెండు సంస్థలు వేర్వేరు కొలతలతో లెక్క చెప్పి ఉండవచ్చు. ఎవరు ఏ పద్ధతి ఎంచుకున్నారో తెలియాలంటే అసలు పత్రాన్ని తెరిచి ఆ పద్ధతిని తెలిపే గడిని చూడాలి. పోల్చేముందు ఆ శ్రమ తప్పదు.

రాజనీతి శాస్త్రంలో ఈ కొలత సమస్యపై దశాబ్దాలుగా చర్చ నడుస్తోంది. ఈ సైటును న్యాయంగా అంచనా వేయాలంటే ఆ చర్చ కొంత తెలిసి ఉండాలి. సాధారణంగా మూడు మార్గాలు వాడతారు. ఒక నిర్ణయం మొదటినుంచి చివరివరకు ఎలా రూపుదిద్దుకుందో పత్రాలు, ఇంటర్వ్యూల ద్వారా అడుగడుగునా వెంబడించడం ఒకటి. ఎవరి మాట చెల్లిందని మీరు భావిస్తున్నారని ఆ రంగంలోని వారినే అడగడం మరొకటి. ప్రతి వర్గం మొదట కోరినదానికీ చివరికి వచ్చిన విధానానికీ మధ్య దూరాన్ని కొలవడం ఇంకొకటి. ఐరోపా సంఘం (యూరోపియన్ యూనియన్) విషయంలో హైకె క్లూవర్ వంటి పరిశోధకులు ఈ మూడో మార్గాన్ని పెద్ద ఎత్తున నడిపించారు. ఐరోపా కమిషన్ జరిపిన సంప్రదింపులకు ఒత్తిడి వర్గాలు పంపిన లేఖలను కంప్యూటరు సాయంతో చదివించి, వాటి స్థానాన్ని తుది ప్రతిపాదనతో పోల్చారు. ఈ మూడు మార్గాల్లో ఏదీ ఖర్చుతో మొదలుకాదు. ఖర్చు ఒక కారణంగా పరీక్షకు నిలబడవలసిన విషయమే తప్ప, ఫలితానికి బదులుగా వాడుకోదగినది కాదు.

పరీక్ష పెట్టి చూసినప్పుడు వచ్చిన జవాబులు ఒక్క దిశలో లేవు. ఫ్రాంక్ బామ్‌గార్ట్‌నర్, ఆయన సహచరులు నలుగురు యాదృచ్ఛికంగా ఎంచుకున్న 98 విధాన అంశాలను ఏళ్ల తరబడి గమనించి 2009లో ప్రచురించిన పరిశోధనలో, సగానికి పైగా అంశాల్లో అసలు మార్పే రాలేదని, ఒక పక్షం దగ్గర ఎక్కువ వనరులు ఉండడానికీ ఆ పక్షం గెలవడానికీ మధ్య సంబంధం చాలా బలహీనంగా ఉందని తేలింది. మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ 2014లో 1,779 విధాన ప్రశ్నలను పరిశీలించి, సంపన్నులకూ వ్యాపార వర్గాలకూ గణనీయమైన స్వతంత్ర ప్రభావం ఉందని, సగటు పౌరులకు దాదాపు లేదని చెప్పారు. సంపన్నులూ మధ్యతరగతివారూ చాలా ప్రశ్నలపై ఒకే మాట మీద ఉంటారని, అందువల్ల ఆ నిర్ధారణ అంత గట్టిది కాదని తర్వాతి పరిశోధకులు వాదించారు. మరోవైపు 2004 నాటి పన్ను చట్టం విదేశాల్లోని లాభాలను 35 శాతానికి బదులు 5.25 శాతం పన్నుతో తెచ్చుకునే వీలు కల్పించినప్పుడు, దాని కోసం లాబీయింగ్ చేసిన కంపెనీలకు ప్రతి డాలరుకూ 220 డాలర్ల ప్రయోజనం దక్కిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ అంకె చూసి ఆశ్చర్యపోవడం తేలికే. కానీ లాభం ఎక్కువగా రాగల కంపెనీలే ఖర్చు పెట్టడానికి ముందుకు వస్తాయి కాబట్టి, ఆ 220 డాలర్లూ ఒత్తిడి ఫలమేనని అనడానికి లేదు. సంకుచితమైన, జనం కంటపడని అంశాల్లో డబ్బు ఎక్కువ పనిచేస్తుందని, అందరి దృష్టీ ఉన్న పెద్ద పోరాటాల్లో రెండు పక్షాలూ బలంగా ఉండి ఒకరినొకరు అడ్డుకుంటారని అనుకుంటే ఈ పరస్పర విరుద్ధమైన ఫలితాలు కొంతవరకు పొసుగుతాయి. అసలు చర్చకే రాకుండా ఆగిపోయిన విషయాలు వీటన్నిటికీ బయట ఉన్నాయి. అధికారానికి ఆ రెండో ముఖం ఉందని పీటర్ బాక్రాక్, మోర్టన్ బరాట్జ్ 1962లోనే ఎత్తిచూపారు. దాఖలు చేసిన పత్రాల మీద ఆధారపడిన ఏ సాధనానికీ అది అందదు.

ఈ వెలుగులో చూస్తే ఓపెన్‌సీక్రెట్స్‌లో ప్రభావానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే భాగం ఖర్చు పట్టిక కాదు, ‘రివాల్వింగ్ డోర్’ విభాగం. ప్రభుత్వ ఉద్యోగం నుంచి లాబీయింగ్‌కు, అక్కడినుంచి మళ్లీ ప్రభుత్వంలోకి మారినవారి ఉద్యోగ చరిత్రను వ్యక్తుల వారీగా అది చూపుతుంది. 2007 సవరణ తర్వాత లాబీయిస్టులు గత 20 ఏళ్లలో చేసిన ముఖ్యమైన ప్రభుత్వ ఉద్యోగాలను వెల్లడించాలి. సైటు సిబ్బంది ఆ వివరాలకు మరిన్ని చేర్చి, ఏ సభ్యుడి కార్యాలయంలో ఎవరు పనిచేశారో వెతుక్కునేలా అమర్చారు. ఇది ఎందుకు ముఖ్యమో 2012లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన స్పష్టం చేసింది. ఒక సెనేటర్ దగ్గర గతంలో పనిచేసిన లాబీయిస్టు ఆదాయం, ఆ సెనేటర్ పదవి నుంచి తప్పుకోగానే 24 శాతం పడిపోతుందని అందులో తేలింది. అంటే క్లయింట్లు చెల్లిస్తున్న డబ్బులో మంచి భాగం విషయ పరిజ్ఞానానికి కాదు, తలుపు తెరిపించే పరిచయానికి. ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుందన్నది 2016లో ప్రచురితమైన మరో ప్రయోగం చూపింది. 191 మంది కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలకు సమావేశం కోరుతూ అభ్యర్థనలు వెళ్లాయి. రాబోయేవారు విరాళాలు ఇచ్చినవారని చెప్పినప్పుడు, కేవలం నియోజకవర్గ ప్రజలని చెప్పినప్పటి కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా ఉన్నతస్థాయి వ్యక్తులు దొరికారు. సమావేశం దొరికినంత మాత్రాన విధానం మారుతుందని కాదు గానీ, సమావేశమే దొరకనివారి మాట విధానంలోకి వెళ్లే దారి లేదు. అందువల్ల కొత్తగా ఈ సైటు వాడేవారు ర్యాంకుల పట్టికను కాసేపు పక్కన పెట్టి, తాము పరిశీలిస్తున్న బిల్లును పట్టుకుని, దాని మీద పనిచేసినవారిలో ఆ బిల్లు చూసే కమిటీలో గతంలో ఉద్యోగం చేసినవారు ఎవరో వెతకడం మంచిదని నా అభిప్రాయం.

పోల్చదగిన ఇతర సేవల్లో ఐర్లాండ్ ప్రభుత్వ లాబీయింగ్ రిజిస్టరు నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. 2015 చట్టంతో వచ్చిన ఆ రిజిస్టరులో ఏడాదికి మూడుసార్లు నివేదికలు ఇవ్వాలి. ప్రతి నివేదికలో కలిసిన మంత్రి లేదా అధికారి పేరు ఉంటుంది, విషయం ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఏ ఫలితం ఆశించి కలిశారో ఉంటుంది. ఎంత ఖర్చయిందో మాత్రం ఉండదు. అమెరికా చట్టం డబ్బు అడిగి ఉద్దేశాన్ని వదిలేస్తే, ఐర్లాండ్ చట్టం ఉద్దేశాన్ని అడిగి డబ్బును వదిలేసింది. కోరికకూ ఫలితానికీ మధ్య దూరం కొలవాలనుకునే పరిశోధకుడికి రెండోదే ఎక్కువ పనికొస్తుంది. కెనడాలో నెలవారీ నివేదికల్లో కలిసిన ఉన్నతాధికారుల పేర్లు వస్తాయి, తర్వాతి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి కాబట్టి సమాచారం తాజాగా ఉంటుంది. ఐరోపా సంఘంలో కమిషనర్లు, వారి కార్యాలయ సిబ్బంది, డైరెక్టర్ జనరళ్లు ఒత్తిడి వర్గాలతో జరిపిన సమావేశాలను 2014 డిసెంబరు నుంచి ప్రచురిస్తున్నారు. లాబీఫ్యాక్ట్స్ అనే ఉచిత సైటు ఆ సమావేశాలను, పారదర్శకత రిజిస్టరులోని ఖర్చులను ఒకేచోట చూపుతుంది. ఖర్చునూ సమావేశాలనూ పక్కపక్కన పెట్టడం మంచి ఆలోచన. అయితే ఖర్చులు అక్కడ ఎక్కువగా ఇంత నుంచి ఇంత అనే శ్రేణుల్లో ఉంటాయి కాబట్టి కచ్చితమైన పోలికకు పనికిరావు. పరిశ్రమల వారీ కూర్పులో, పాతికేళ్లు దాటిన కాలక్రమంలో ఓపెన్‌సీక్రెట్స్‌కు ఇవేవీ సాటి రావు.

వాడుకలో చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. అన్ని పేజీలూ ఖాతా లేకుండానే చూడవచ్చు. పెద్ద మొత్తంలో దత్తాంశం (డేటా) దించుకోవడానికి మాత్రం నమోదు చేసుకోవాలి, అదీ వాణిజ్యేతర అవసరాలకే. వివరణలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. పద్ధతులను వివరించే పేజీ శ్రద్ధగా రాసినదే గానీ, పట్టికల నుంచి అక్కడికి వెళ్లేవారు తక్కువ. ప్రోగ్రాముల ద్వారా దత్తాంశం అందించే ఏపీఐ సేవను సంస్థ 2025 ఏప్రిల్‌లో నిలిపివేసింది. దానికి ముందు, 2024 నవంబరులో, నిధుల కొరత వల్ల మూడోవంతు సిబ్బందిని తొలగించవలసి వచ్చింది. రెట్టింపు లెక్కలను ఏరడం, పేర్లను సరిచేయడం మనుషులు చేసే పని, కాబట్టి ఈ వార్త నన్ను నిజంగా కలవరపెట్టింది. ఈ కూర్పు ఆగిపోతే దాని స్థానంలో పెట్టడానికి మరొకటి సిద్ధంగా లేదు. విరాళం ఇవ్వగలిగిన స్థితిలో ఉన్న పరిశోధనా సంస్థలు, పత్రికలు ఈ సేవను ఉచితంగా దొరికే సరుకుగా చూడడం మానుకోవాలి.

పరిశ్రమ మొత్తం ఖర్చు, దీర్ఘకాలిక ధోరణి, ఏ సంస్థకు ఎవరు పనిచేస్తున్నారు, వారి పూర్వ ఉద్యోగాలు ఏమిటి అన్న ప్రశ్నలకు ఓపెన్‌సీక్రెట్స్‌ను ధైర్యంగా వాడవచ్చు. ఒక బిల్లుపై ఒక వర్గం ప్రభావం ఎంత అన్న ప్రశ్నకు దీన్ని మొదటి మెట్టుగా వాడుకుని, పక్షాలను కమిటీ విచారణల సాక్ష్యాల నుంచీ, సంస్థల బహిరంగ ప్రకటనల నుంచీ, నియంత్రణ సంస్థలకు పంపిన లేఖల నుంచీ పోగుచేసుకుని, బిల్లు మొదటి రూపాన్నీ చివరి రూపాన్నీ పక్కపక్కన పెట్టి చదువుకోవాలి. సొంతంగా ప్రోగ్రాములు రాసుకుని పనిచేసేవారికి కాంగ్రెస్ అందించే ఉచిత ఏపీఐ ఉంది. అక్కడ అంకెలు శుద్ధి చేయకుండా యథాతథంగా వస్తాయి కాబట్టి, బయటి సంస్థల ఆదాయాన్నీ క్లయింట్ల సొంత ఖర్చునూ కలిపి కూడకుండా చూసుకునే బాధ్యత వాడేవారిదే.